ఐడియా మీది.. హక్కు ఎవరిది? ఓపెన్ ఇన్నోవేషన్‌లో కంపెనీలు ఎక్కడ గెలుస్తున్నాయి? ఎక్కడ బోల్తా పడుతున్నాయి?

ఆదివారం సాయంత్రం. 36 గంటల హ్యాకథాన్ అయిపోయింది. స్టేజీ మీద తలుపంత సైజులో డమ్మీ చెక్. పక్కన సూటు వేసుకున్న కంపెనీ ప్రతినిధి. వెనకాల నిద్ర లేక కళ్లు ఎర్రబడ్డ నలుగురు బీటెక్ స్టూడెంట్స్. ఫొటో, చప్పట్లు, రాత్రికల్లా లింక్డిన్‌లో పోస్ట్. హైదరాబాద్, విజయవాడ, వైజాగ్, తిరుపతి.. ఇంజినీరింగ్ కాలేజీలు ఎక్కువగా ఉన్న ఏ ఊళ్లో అయినా ఈ సీన్ మనకు బాగా అలవాటే.

మరి సోమవారం ఏం జరుగుతుంది? ఆ నలుగురు రాసిన కోడ్ కంపెనీలో ఎవరి టేబుల్ మీదకు వెళ్తుంది? దాన్ని తెరిచి చూసే టైమ్ ఎవరికి ఉంది? ఒకవేళ వాడుకుంటే డబ్బులు ఎవరికి, పేరు ఎవరికి?

బయటివాళ్ల ఐడియాలతో కంపెనీలు ఎదగడాన్నే ఓపెన్ ఇన్నోవేషన్ అంటున్నారు. పెద్ద పెద్ద కంపెనీలు, ప్రభుత్వాలు అన్నీ ఇప్పుడు ఇదే మాట జపిస్తున్నాయి. కానీ ఇప్పటిదాకా హిట్ అయిన కేసులు, ఫట్ అయిన కేసులు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం క్లియర్‌గా కనిపిస్తుంది. తేడా ఆదివారం నాటి ఐడియాలో లేదు. సోమవారం నాటి ఆఫీసులో ఉంది.

అసలు ఈ మాట ఎక్కడిది?

2003లో హెన్రీ చెస్‌బ్రో అనే అమెరికన్ ప్రొఫెసర్ 'ఓపెన్ ఇన్నోవేషన్' పేరుతో పుస్తకం రాశారు. అప్పటిదాకా పెద్ద కంపెనీల పద్ధతి ఒక్కటే. సొంత ల్యాబ్, సొంత సైంటిస్టులు, గేటుకు తాళం. ఆయన చెప్పింది ఏంటంటే, తెలివైనవాళ్లందరూ మీ దగ్గరే ఉద్యోగం చేయడం లేదు, కాబట్టి గేటు తెరవండి అని. బయటి ఐడియాలు లోపలికి రావాలి, మీరు వాడుకోని మీ ఐడియాలు బయటకు పోవాలి. అంటే ఇది టూ వే రోడ్డు.

ఆయన ఎక్కువగా చెప్పిన ఉదాహరణ జిరాక్స్ కంపెనీ. కాలిఫోర్నియాలోని వాళ్ల పార్క్ అనే ల్యాబ్‌లో బోలెడన్ని కొత్త టెక్నాలజీలు పుట్టాయి. కాపీ మెషీన్ల బిజినెస్‌కు పనికిరావని కంపెనీ పక్కన పెట్టిన వాటిని పట్టుకుని కొందరు ఉద్యోగులు బయటికొచ్చేశారు. మనం రోజూ తెరిచే పీడీఎఫ్‌ను తెచ్చిన అడోబీ కంపెనీని పెట్టింది అలా బయటికొచ్చిన ఇద్దరే. గేటుకు తాళం వేస్తే లోపల ఏం మిగులుతుందో జిరాక్స్‌కు బాగా తెలిసొచ్చింది.

గని మ్యాప్ నెట్‌లో పెట్టేసిన ఓనర్

ఈ పుస్తకం రాకముందే ఒక గోల్డ్ మైన్ కంపెనీ ఈ పని చేసి చూపించింది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం, రెడ్ లేక్ అనే ఊరు. గోల్డ్‌కార్ప్ కంపెనీకి అక్కడ 55 వేల ఎకరాల్లో బంగారు గని ఉంది. ఇంకా బంగారం ఎక్కడుందో, ఎక్కడ తవ్వాలో సొంత జియాలజిస్టులకు పూర్తిగా అంతుచిక్కడం లేదు. అప్పటి సీఈవో రాబ్ మెక్‌ఈవెన్ లైనక్స్ గురించి ఒక సెమినార్‌లో విన్నారు. ఎవరైనా కోడ్ చూడొచ్చు, ఎవరైనా సరిచేయొచ్చు. మన గనికీ ఇలాగే చేస్తే?

మైనింగ్ బిజినెస్‌లో భూగర్భ డేటా అంటే లాకర్‌లో పెట్టుకునే సరుకు. 2000 మార్చిలో ఆయన ఆ డేటా మొత్తం, దాదాపు 400 మెగాబైట్లు, ఇంటర్నెట్‌లో పెట్టేశారు. బంగారం ఎక్కడుందో చెప్పినవాళ్లకు మొత్తం 5.75 లక్షల డాలర్ల ప్రైజ్ మనీ. సుమారు 50 దేశాల నుంచి వెయ్యి మందికి పైగా దిగారు. జియాలజిస్టులే కాదు, లెక్కల మాస్టార్లు, మిలటరీలో పనిచేసినవాళ్లు, కన్సల్టెంట్లు కూడా. ఫస్ట్ ప్రైజ్ ఆస్ట్రేలియా టీమ్‌కు వెళ్లింది. వాళ్లు ఆ గని ముఖం కూడా చూడలేదు. కంప్యూటర్‌లో త్రీడీ మోడల్ తయారు చేసి పంపారు.

పోటీలో మొత్తం 110 చోట్లు గుర్తించారు. అందులో సగానికి పైగా కంపెనీకి అసలు తట్టనివే. తవ్విన కొత్త చోట్లలో 80 శాతానికి పైగా బంగారం పడింది.

ఈ కథను బిజినెస్ స్కూళ్లలో సినిమా స్టోరీలా చెబుతుంటారు. కానీ అందులో మిస్సయ్యే పాయింట్లు కొన్ని ఉన్నాయి. రెడ్ లేక్‌లో మేలైన బంగారం ఉందని కంపెనీ సొంత టీమ్ పోటీకి కొన్నేళ్ల ముందే, 1995లోనే కనిపెట్టింది. అంటే లోపల పని తెలిసినవాళ్లు ఉన్నారు. బయటి నుంచి వచ్చిన మోడల్‌ను చదివి, ఇది నమ్మొచ్చు, ఇది కుదరదు అని తేల్చి, డ్రిల్లింగ్ చేయించింది వాళ్లే. ఇంకోటి, ప్రశ్న చాలా క్లియర్‌గా ఉంది. 'మైనింగ్‌లో మార్పు తెచ్చే ఐడియాలు ఇవ్వండి' అని అడగలేదు. 'ఇదిగో డేటా, ఎక్కడ తవ్వాలో చెప్పండి' అని అడిగారు. మన దగ్గర చాలా ఛాలెంజ్‌ల పోస్టర్లు చూడండి. 'స్మార్ట్ సిటీ కోసం వినూత్న పరిష్కారం' అని ఉంటుంది. ఏ సిటీ, ఏ సమస్య, డేటా ఏది? ఏమీ ఉండదు. అలాంటి ప్రశ్నకు వచ్చే జవాబు కూడా అలాగే ఉంటుంది.

పొరుగింటి పుల్లకూర రివర్స్

మనకు పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. కంపెనీల్లో మాత్రం రివర్స్. బయటి నుంచి వచ్చింది ఎంత మంచిదైనా 'మన దగ్గర పుట్టలేదుగా' అని పక్కన పడేస్తారు. ఏరియల్, టైడ్, విక్స్ అమ్మే ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్‌కు కూడా ఈ జబ్బు ఉండేది. 2000లో సీఈవోగా వచ్చిన ఏజీ లాఫ్లీ ఒక టార్గెట్ పెట్టారు. కొత్త ప్రొడక్టుల్లో సగం బయటి సాయంతోనే రావాలి. లెక్క సింపుల్. కంపెనీలో రీసెర్చర్లు 7,500 మంది. అదే పనిలో అంతే సత్తా ఉన్నవాళ్లు బయట సుమారు 15 లక్షల మంది ఉంటారని వాళ్లే అంచనా వేసుకున్నారు.

అందులో భాగంగా వచ్చిందే చిప్స్ మీద బొమ్మలు, ప్రశ్నలు ప్రింట్ చేసిన ప్రింగిల్స్. ఆ సరదా ఐడియా కంపెనీదే. కానీ తినే ఇంకుతో వేడి చిప్ మీద ఎలా ప్రింట్ చేయాలి? సొంతంగా కనిపెట్టాలంటే ఏళ్లు పడుతుంది. తమ నెట్‌వర్క్‌లో వెతికిస్తే ఇటలీలోని బొలోనియా ఊళ్లో ఒక చిన్న బేకరీ దొరికింది. దాన్ని నడిపే ప్రొఫెసర్ కేకుల మీద ప్రింట్ చేసే పద్ధతి అప్పటికే కనిపెట్టి ఉన్నారు. దాన్ని తీసుకుని, చిప్స్‌కు తగ్గట్టు మార్చుకుని 2004లో మార్కెట్లోకి తెచ్చేశారు.

2006 నాటికి తమ కొత్త ప్రొడక్టుల్లో 35 శాతానికి పైగా ఏదో ఒక రూపంలో బయటి సాయంతో వచ్చినవేనని కంపెనీ చెప్పింది. 2000లో అది సుమారు 15 శాతం. ఇక్కడ ఐడియాల కొరత ఎప్పుడూ లేదు. బయటి నుంచి తెచ్చినవాడిని లోపల హీరోగా చూడటం మొదలైంది. అంతే తేడా.

పది లక్షల డాలర్లిచ్చి పక్కన పెట్టేశారు

ఇప్పుడు ఫెయిల్ అనాలో పాస్ అనాలో తేలని కేసు. అప్పట్లో నెట్‌ఫ్లిక్స్ అంటే డీవీడీలు పోస్టులో పంపే కంపెనీ. మీకు ఏ సినిమా నచ్చుతుందో ముందే చెప్పే వాళ్ల సాఫ్ట్‌వేర్‌ను 10 శాతం మెరుగుపరిస్తే 10 లక్షల డాలర్లు ఇస్తామని 2006 అక్టోబర్‌లో ప్రకటించింది. 10 కోట్ల రేటింగ్‌ల డేటా ఓపెన్ చేసింది. గోల్డ్‌కార్ప్ లాగే క్లియర్ ప్రశ్న, నిజమైన డేటా, పెద్ద ప్రైజ్. ప్రపంచం మొత్తం ఎగబడింది.

దాదాపు మూడేళ్లు నడిచింది. క్లైమాక్స్ అయితే టీ20 లాస్ట్ ఓవరే. రెండు టీమ్‌లు ఒకే స్కోరు, 10.06 శాతం సాధించాయి. ఒక టీమ్ ఇరవై నిమిషాలు ముందు సబ్మిట్ చేసింది. 2009 సెప్టెంబర్‌లో 10 లక్షల డాలర్లు వాళ్లకే దక్కాయి. ఇరవై నిమిషాలు లేటైన టీమ్‌కు పైసా లేదు.

ఇక్కడే ట్విస్ట్. గెలిచిన ఆ సొల్యూషన్‌ను నెట్‌ఫ్లిక్స్ పూర్తిగా వాడనే లేదు. 2012లో కంపెనీ ఇంజినీర్లే ఈ విషయం రాశారు. వందల అల్గారిథమ్‌లు కలిపి కుట్టిన బొంత లాంటిది అది. దాన్ని నిజంగా నడపడానికి పడే శ్రమకు తగ్గ లాభం కనిపించలేదట. పైగా ఈలోపు కంపెనీ డీవీడీల నుంచి స్ట్రీమింగ్‌కు మారిపోయింది. అడిగిన ప్రశ్నకే కాలం చెల్లింది.

మరి మొత్తం వేస్టేనా? కాదు. 2007లో మధ్యలో ఇచ్చిన 50 వేల డాలర్ల ప్రోగ్రెస్ ప్రైజ్ గెలిచిన టీమ్ పనిలోంచి రెండు అల్గారిథమ్‌లను మాత్రం లోపలి ఇంజినీర్లు విడిగా తీసుకున్నారు. 10 కోట్ల రేటింగ్‌ల కోసం రాసిన వాటిని 500 కోట్లకు పైగా రేటింగ్‌లను తట్టుకునేలా తిరగరాశారు. అవి చాలా ఏళ్లు పనిచేశాయి. అంటే ప్రైజ్ కొట్టింది ఒకటి, పనికొచ్చింది ఇంకొకటి. ఏది పనికొస్తుందో తెలిసేది లోపల కూర్చున్న ఇంజినీర్‌కే.

దెబ్బ ఇంకోటి ఉంది. పేర్లు తీసేశాం కదా, డేటా సేఫ్ అని నెట్‌ఫ్లిక్స్ అనుకుంది. టెక్సస్ యూనివర్సిటీ రీసెర్చర్లు ఇద్దరు ఆ డేటాను ఐఎండీబీలోని పబ్లిక్ రేటింగ్‌లతో పోల్చి కొందరిని గుర్తుపట్టొచ్చని చూపించారు. మనం ఏ సినిమాలు చూశామో బయటపడటం చిన్న విషయమేం కాదు. కేసు పడింది. 2010లో రెండో పోటీని కంపెనీ రద్దు చేసుకుంది. గేటు తెరిచేటప్పుడు లోపలున్న కస్టమర్ల సంగతి ఏంటన్నది ముందే చూసుకోవాల్సింది.

మన జీనోమ్ వ్యాలీ కథ

ఇవన్నీ ఫారిన్ ముచ్చట్లు అనుకోవద్దు. ఓపెన్ ఇన్నోవేషన్ అనే బోర్డు పెట్టకుండానే హైదరాబాద్‌లో అంతకంటే పెద్ద పని జరిగింది. మన చాలామంది ఇళ్లలో పిల్లల నోట్లో పడే ఐదు చుక్కల వెనక అది ఉంది.

1980ల్లో ఢిల్లీ ఎయిమ్స్. పుట్టిన పిల్లలుండే వార్డులో డాక్టర్లు ఒక వింత గమనించారు. రోటా వైరస్ సోకింది, కానీ ఆ పిల్లలకు విరేచనాలు లేవు. పైగా తర్వాత కూడా వాళ్లకు ఆ జబ్బు తీవ్రంగా రాలేదు. డాక్టర్ ఎం.కె. భాన్ టీమ్ ఆ వైరస్ రకాన్ని వేరు చేసింది. దాని పేరు 116ఈ. ఎయిమ్స్‌కు వైరస్ దొరికింది సరే, వ్యాక్సిన్ తయారు చేసే ఫ్యాక్టరీ ఎయిమ్స్‌కు లేదు కదా.

అక్కడి నుంచి రిలే పరుగు మొదలైంది. అమెరికా ఎన్‌ఐహెచ్, సీడీసీ, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ సైంటిస్టులు, మన బయోటెక్నాలజీ శాఖ, పాత్ అనే స్వచ్ఛంద సంస్థ, గేట్స్ ఫౌండేషన్.. ఒక్కొక్కరు ఒక్కో చెయ్యి వేశారు. తయారీ బాధ్యత హైదరాబాద్ భారత్ బయోటెక్ తీసుకుంది. ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది పసిపిల్లలతో చివరి దశ ట్రయల్ జరిగింది. మొదటి ఏడాదిలో తీవ్రమైన రోటా విరేచనాలను ఇది సగానికి పైగా తగ్గించింది. 2015 మార్చిలో రోటావాక్ విడుదలైంది. 2016లో కేంద్రం ఉచిత టీకాల కార్యక్రమంలో తొలిసారి చేర్చినప్పుడు మొదలైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2018లో డబ్ల్యూహెచ్‌వో ప్రీక్వాలిఫికేషన్ కూడా వచ్చింది.

వార్డులో వింత కనిపించిన రోజు నుంచి టీకా వచ్చేదాకా సుమారు 30 ఏళ్లు. 36 గంటల హ్యాకథాన్‌తో పోల్చి చూడండి!

ఇన్ని సంస్థలు కలిస్తే ఎక్కడో ఒకచోట గొడవ పడాలి. ఎందుకు నిలబడింది? నాకు అర్థమైనంతలో ఎవరి పని ఏదో స్పష్టంగా ఉంది. వైరస్ వాళ్లది, తయారీ వీళ్లది, ట్రయల్ ఖర్చులో ఇంతమంది చెయ్యి. అన్నిటికంటే ముఖ్యంగా ధర. ప్రభుత్వ కార్యక్రమాలకు డోసు ఒక డాలర్‌కే ఇస్తామని కంపెనీ విడుదలకు ముందే బహిరంగంగా మాటిచ్చింది. జనం డబ్బుతో జరిగిన రీసెర్చ్‌లో జనానికి వచ్చేది ఎంత అన్నది ముందే తేలిపోయింది. తర్వాత బేరాలు లేవు.

కోవాగ్జిన్‌లో మర్చిపోయిన పేరు

అదే కంపెనీ, ఇంకో కథ. కరోనా టైమ్‌లో పుణెలోని ఐసీఎంఆర్‌కు చెందిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ వైరస్‌ను వేరు చేసి భారత్ బయోటెక్‌కు ఇచ్చింది. టీకా పవర్ పెంచే పదార్థాన్ని, అంటే అడ్జువెంట్‌ను, అమెరికా కాన్సస్ రాష్ట్రంలోని వైరోవ్యాక్స్ అనే చిన్న కంపెనీ కనిపెట్టింది. దానికి ఎన్‌ఐహెచ్ నిధులు ఉన్నాయి. భారత్ బయోటెక్ దాన్ని లైసెన్స్ తీసుకుంది. పుణె వైరస్, కాన్సస్ కెమిస్ట్రీ, జీనోమ్ వ్యాలీ ఫ్యాక్టరీ. మూడూ కలిస్తే కోవాగ్జిన్. 2021 జనవరి 3న అత్యవసర అనుమతి వచ్చింది. మూడో దశ ఫలితాలు రాకముందే అనుమతి ఎలా ఇచ్చారన్న వివాదం అప్పట్లో గట్టిగానే నడిచింది, అది వేరే కథ. అదే ఏడాది నవంబర్‌లో డబ్ల్యూహెచ్‌వో కూడా ఓకే చెప్పింది.

స్పీడ్‌లో దీన్ని కొట్టేది లేదు. ఒప్పందం కూడా ఉంది. అమ్మకాల్లో ఐసీఎంఆర్‌కు 5 శాతం రాయల్టీ. అంతా బాగుంది అనుకుంటుండగా 2024 జూన్‌లో ఒక విషయం బయటికొచ్చింది. పేటెంట్ దరఖాస్తుల్లో ఐసీఎంఆర్ పేరు లేదు! విమర్శలు రాగానే కంపెనీ వివరణ ఇచ్చింది. ఒప్పందం కాపీ కాన్ఫిడెన్షియల్ కావడంతో దరఖాస్తు పని చూసినవాళ్లకు అందుబాటులో లేదని, ఇది కావాలని చేసింది కాదని, ఐసీఎంఆర్ పేరు చేరుస్తున్నామని చెప్పింది.

కంపెనీ మాటే నిజమనుకుందాం. అప్పుడే ఇది ఇంకా భయపెట్టే విషయం. దేశంలోనే పెద్ద వైద్య పరిశోధన సంస్థ, చేతిలో రాతపూర్వక ఒప్పందం, అయినా పేరు మిస్సయింది. కాగితం ఒక బీరువాలో, పని ఇంకో టేబుల్ మీద. ఇంతటి ఐసీఎంఆర్‌కే ఇలా అయితే కాలేజీ హాస్టల్‌లో కూర్చుని కోడ్ రాసే కుర్రాడి సంగతేంటి?

పక్కనే బయోలాజికల్-ఈ కంపెనీ ఇంకో రూట్‌లో వెళ్లింది. అమెరికాలోని టెక్సస్ చిల్డ్రన్స్ హాస్పిటల్, బేలర్ మెడికల్ కాలేజీ సైంటిస్టులు పేటెంట్ పెట్టుకోకుండా ఇచ్చిన టెక్నాలజీతో కోర్బెవ్యాక్స్ తయారు చేసింది. 2021 డిసెంబర్ చివర్లో అనుమతి వచ్చింది. మన దగ్గర 12 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వేసింది ఇదే. పేటెంట్ లేదు కాబట్టి హక్కుల గొడవే లేదు. కానీ అందరూ అలా ఇవ్వలేరు. ప్రొఫెసర్‌కు జీతం ఉంటుంది, స్టార్టప్‌కు ఉండదు.

హబ్‌లు ఉన్నాయి.. తర్వాత?

తెలుగు రాష్ట్రాల్లో గేట్లకైతే కొదవ లేదు. హైదరాబాద్‌లో టీ-హబ్ 2015 నవంబర్‌లో మొదలైంది. 2022 జూన్‌లో రాయదుర్గంలో కొత్త బిల్డింగ్‌లోకి మారింది. కార్పొరేట్ కంపెనీలను స్టార్టప్‌లతో కలపడం దాని పనుల్లో ఒకటి. ఏపీలో 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రారంభమైంది. విశాఖ, రాజమండ్రి, విజయవాడ, తిరుపతి, అనంతపురాల్లో దాని సెంటర్లు పెట్టారు. హైదరాబాద్‌లోని మల్టీనేషనల్ కంపెనీల కేపబిలిటీ సెంటర్లు కూడా స్టార్టప్ ప్రోగ్రామ్‌లు నడుపుతున్నాయి.

స్టార్టప్ వాళ్లతో మాట్లాడితే ఎక్కువగా వినిపించే మాట 'పైలట్'. ట్రయల్ ప్రాజెక్ట్ అన్నమాట. ముందు పైలట్ చేయండి, నచ్చితే ఆర్డర్ ఇస్తాం అంటారు. అది మూడు నెలలు, ఆరు నెలలు సాగుతుంది. ఇన్నోవేషన్ టీమ్‌కు నచ్చుతుంది. కానీ కొనే బడ్జెట్ ఇన్నోవేషన్ టీమ్ చేతిలో ఉండదు, ఫ్యాక్టరీ హెడ్ దగ్గరో బ్రాంచ్ హెడ్ దగ్గరో ఉంటుంది. ఆయనకు ఈ పైలట్ సంగతే తెలియదు. ఈలోపు ఆ ఇన్నోవేషన్ టీమ్‌లో మనిషి ఉద్యోగం మారిపోతాడు. స్టార్టప్ మళ్లీ మొదటి మెయిల్ నుంచి మొదలుపెట్టాలి. ప్రింగిల్స్ విషయంలో బొలోనియా బేకరీని వెతికింది చిప్స్ అమ్మే టీమ్ అవసరం కోసమే అని గుర్తు చేసుకుంటే, ఇక్కడ ఏం లోపించిందో అర్థమవుతుంది.

ఇక నా రూమ్మేట్ సంగతి. అతను బీటెక్ థర్డ్ ఇయర్‌లో ఒక కంపెనీ హ్యాకథాన్‌కు వెళ్లాడు. డెలివరీ అడ్రస్ సరిగా దొరకని గల్లీల్లో, 'గుడి పక్క సందు, నీలం గేటు' లాంటి గుర్తులతో దారి చూపించే ఫీచర్ చేశారు. సెకండ్ ప్రైజ్, టీషర్ట్, సర్టిఫికెట్. మీతో టచ్‌లో ఉంటాం అన్నారు. ఎవరూ ఫోన్ చేయలేదు. ఏడాది తర్వాత ఆ కంపెనీ యాప్‌లో అలాంటి ఫీచరే కనిపించింది. వాళ్ల ఐడియానే తీసుకున్నారా? లేక కంపెనీకి అది ముందే ఉందా? గుర్తులు చెప్పి దారి చూపించడం మన దగ్గర ఎవరికైనా తట్టే విషయమే కాబట్టి రెండోదే నిజం కావచ్చు. కానీ తెలుసుకునే దారి లేదు. రిజిస్ట్రేషన్ ఫామ్‌లో ఏ షరతులకు టిక్ పెట్టారో నలుగురిలో ఒక్కరికీ గుర్తు లేదు. అప్పటి నుంచి అతను ఏ ఛాలెంజ్‌కూ వెళ్లలేదు. కంపెనీ నిజంగా తప్పు చేసిందో లేదో గానీ, ఒక మంచి కోడర్‌ను మాత్రం పోగొట్టుకుంది.

టిక్ పెట్టేముందు

కాబట్టి వెళ్లొద్దని కాదు. వెళ్లండి, కానీ కొన్ని విషయాలు తెలుసుకుని వెళ్లండి.

మన చట్టం ప్రకారం ఉత్త ఐడియాకు పేటెంట్ రాదు. ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కూ రాదు. కానీ మీరు రాసిన కోడ్‌కు కాపీరైట్ ఉంటుంది. ఉద్యోగంలో భాగంగా రాస్తే తప్ప మామూలుగా అది రాసినవాళ్లదే. 'సబ్మిట్ చేసినవన్నీ నిర్వాహకులకే చెందుతాయి' అనే లైన్‌కు మీరు ఒప్పుకుంటే మాత్రం కథ మారిపోతుంది. ఆ లైన్ చాలాసార్లు ఫామ్ చివర్లో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. గెలిచినవాళ్ల పని మాత్రమే తీసుకుంటారా, ఓడినవాళ్లది కూడానా అన్నది కూడా అక్కడే చూడాలి. నెట్‌ఫ్లిక్స్ పోటీలో ఇరవై నిమిషాలు లేటైన టీమ్ గుర్తుందిగా.

మెషీన్, డివైస్, కెమికల్ లాంటిది తయారు చేస్తే స్టేజీ ఎక్కేముందే ఆగండి. అందరి ముందు వివరంగా చెప్పేశాక పేటెంట్‌కు వెళ్తే 'కొత్తది' అనే అర్హతే పోవచ్చు. ముందుగా ప్రొవిజనల్ దరఖాస్తు వేసుకోవచ్చు. విడి వ్యక్తులకు, స్టార్టప్‌లకు ఆన్‌లైన్‌లో ఫీజు 1,600 రూపాయలు. దాని తర్వాత పూర్తి దరఖాస్తు వేయడానికి 12 నెలల టైమ్ ఉంటుంది. ఏజెంట్‌కు ఇచ్చేది వేరే అనుకోండి.

స్టార్టప్ అయితే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి. సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు లేదా సర్వీస్ తీసుకున్న కంపెనీ, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు కట్టాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతోంది. ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఈ గడువు దాటితే ఆ బకాయిని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోనివ్వకుండా ఇన్‌కమ్ ట్యాక్స్ రూల్ కూడా తెచ్చారు. అయితే ఇదంతా డబ్బులిచ్చే పైలట్‌కే వర్తిస్తుంది. ఫ్రీ పైలట్‌కు 45 రోజుల తర్వాత వచ్చేది కూడా సున్నానే.

కంపెనీల వైపు నుంచి కూడా ఒక మాట. ఇవన్నీ అడిగే స్టూడెంట్‌ను చూసి 'వీడికి అప్పుడే లీగల్ పాయింట్లు కావాలా' అని నవ్వడం ఒక హ్యాకథాన్‌లో నేనే చూశాను, వీడియో కవరేజ్‌కు వెళ్లినప్పుడు. 400 మెగాబైట్ల గని డేటా నెట్‌లో పెట్టిన కంపెనీ కూడా ప్రైజ్ ఎంత, ఎవరికి, ఎందుకు అన్నది ముందే ప్రకటించింది. అడిగేదాకా ఆగలేదు.

ఈ స్టోరీ రాస్తున్నప్పుడు రూమ్మేట్‌ను అడిగాను, మళ్లీ వెళ్తావా అని. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు కాబట్టి టైమ్ లేదన్నాడు. రెండు రోజుల తర్వాత ఒక ఛాలెంజ్ లింక్ వాట్సాప్ చేశాడు. కింద ఒకే ప్రశ్న. నిర్వాహకులకు మెయిల్ పెట్టాడట, మా కోడ్ మీద హక్కు ఎవరిది అని. లీగల్ టీమ్‌ను అడిగి చెబుతామన్నారట. లాస్ట్ డేట్ ఈ శుక్రవారం. రిప్లై ఇంకా రాలేదు.